ఇంజిన్ మార్చిన పాత కారుకు హీటర్ వాల్వ్ బిగించడం ఎలా?

పాత కారులో వేరే ఇంజిన్ కూర్చోబెట్టినవాళ్ల దగ్గర నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. ఇంజిన్ దగ్గర రెండు హీటర్ నిపుల్స్ (హోస్ తొడిగే చిన్న గొట్టాలు) ఉన్నాయి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉండే రేకు గోడ) దగ్గర హీటర్ కోర్ (వేడినీళ్లతో క్యాబిన్ గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) పైపులు రెండు ఉన్నాయి. మధ్యలో ఏ వాల్వ్ పెట్టాలి, ఏ పైపు మీద పెట్టాలి?

ఈ ఇబ్బంది రావడానికి కారణం ఉంది. ఎంజీబీ, పాత మినీ లాంటి కార్లలో హీటర్ వాల్వ్‌ను నేరుగా సిలిండర్ హెడ్‌కే బిగించేవారు. ఆ ఇంజిన్ తీసేస్తే వాల్వ్ కూడా దానితోపాటే పోతుంది. కొత్త ఇంజిన్‌తో వాల్వ్ రాకపోవడం మామూలే. ఇప్పటి కార్లు చాలావాటిలో కోర్ గుండా వేడినీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వేడిని ఎక్కువ తక్కువ చేసేది గాలిని మళ్లించే తలుపు. పాత హీటర్ డబ్బాలో చాలాసార్లు ఆ తలుపు ఉండదు. అందుకే వాల్వ్ లేకపోతే ఎండాకాలంలో కూడా కాళ్ల మీదికి వేడి కొడుతూనే ఉంటుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. వాల్వ్ కొనే ముందు మీ కొత్త ఇంజిన్‌లో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే కవాటం) ఎక్కడుందో చూడండి. ఏ వాల్వ్ కావాలో తేల్చేది అదే. చాలామంది పైపు సైజు చూసి వాల్వ్ కొంటారు. సైజు తేడాను అడాప్టర్‌తో సరిచేసుకోవచ్చు, తప్పు రకం వాల్వ్‌ను ఏ అడాప్టరూ సరిచేయదు.

కావలసినవి

- వాల్వ్ (ఏ రకమో 2వ మెట్టులో చూద్దాం)
- హీటర్ హోస్. సాధారణంగా 5/8 అంగుళం (16 మి.మీ.), 3/4 అంగుళం (19 మి.మీ.) లోపలి వ్యాసంలో దొరుకుతుంది. ఎస్‌ఏఈ జే20 ప్రమాణం ప్రకారం చేసిన ఈపీడీఎం రబ్బరు హోస్ చాలు
- రెండు సైజుల మధ్య కలపడానికి 3/4 నుంచి 5/8కి తగ్గించే లోహపు అడాప్టర్లు
- హోస్ క్లిప్పులు, రెండు మూడు ఎక్కువే తెచ్చుకోండి
- వాల్వ్‌ను బాడీకి పట్టించే బ్రాకెట్, రబ్బరు లైనింగ్ ఉన్న పి క్లిప్పులు
- ఫైర్‌వాల్ రంధ్రాలకు రబ్బరు గ్రోమెట్లు
- కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, కింద పెట్టడానికి వెడల్పాటి తొట్టి
- కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ (చేతి పంపు రకం), ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- వాక్యూమ్ వాల్వ్ అయితే చేతి వాక్యూమ్ పంపు, వన్ వే వాల్వ్

ఇంధనం పైపు, గాలి పైపు, ఇంట్లో మిగిలిన ఏదో గొట్టం, ఇవేవీ హీటర్ హోస్‌కు బదులు కావు. వేడి కూలెంట్‌కు అవి మెత్తబడతాయి, లేదా పొరలుగా విడిపోతాయి.

హెచ్చరిక: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత గానీ హోస్ గానీ విప్పకండి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన ద్రవం 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) మూత కింద దాదాపు 129 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. మూత తీసి ఒత్తిడి పోగానే మాత్రం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంకొకటి, ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కింద ఒలికితే వెంటనే కడిగేయండి. పిల్లలు, కుక్కలు, పిల్లులు తిరిగే చోట తొట్టి తెరిచి వదలకండి.

1. వేడినీళ్లు ఎక్కడ బయటికి వస్తాయో, ఎక్కడ తిరిగి వెళ్తాయో కనుక్కోండి

హీటర్‌లో నీళ్లు తిరగాలంటే రెండు కొసల మధ్య ఒత్తిడి తేడా ఉండాలి. వేడినీళ్లను హెడ్ నుంచో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచో, పంపు ఒత్తిడి ఉన్న చోటి నుంచి తీసుకోవాలి. తిరుగు పైపు వాటర్ పంపు పీల్చే వైపు చేరాలి. రెండు నిపుల్స్ ఒకే వైపు ఉంటే కోర్‌లో నీళ్లు కదలవు.

థర్మోస్టాట్ హెడ్ దగ్గర, నీళ్లు బయటికి వెళ్లే చోట ఉన్న ఇంజిన్లలో వేడినీళ్లను దానికి ఇంజిన్ వైపు నుంచే తీయాలి. రేడియేటర్ వైపు నుంచి తీస్తే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా హీటర్‌కు వేడి రాదు.

ఏ నిపుల్ ఏదో సర్వీస్ మాన్యువల్‌లోని కూలెంట్ బొమ్మ చూసి నిర్ధారించుకోవడం అన్నిటికన్నా మంచిది. మాన్యువల్ దొరక్కపోతే తాత్కాలికంగా రెండు హోస్‌లూ కోర్‌కు కలిపి, కూలెంట్ నింపి, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఇంజిన్ దగ్గర రెండు హోస్‌ల మీదా చెయ్యి పెట్టి చూస్తే, ముందుగా వెచ్చబడేదే వేడినీళ్లు తెచ్చే పైపు. ఫ్యాన్, బెల్టుల నుంచి చెయ్యి, చొక్కా దూరంగా ఉంచండి.

కొన్ని ఇంజిన్లలో నిపుల్ లోపల సన్నని రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ ఉంటుంది. ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు కోర్ మీద పడే ఒత్తిడిని అది తగ్గిస్తుంది. మురికి పట్టిందనుకుని డ్రిల్లుతో పెద్దది చేయకండి. నిపుల్ మారుస్తుంటే దాన్ని కొత్తదానిలోకి మార్చుకోండి.

2. వాల్వ్ రకం తేల్చుకోండి

రేడియేటర్ అడుగు హోస్ థర్మోస్టాట్ డబ్బాకే వచ్చి చేరుతోందా? అయితే థర్మోస్టాట్ ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే వైపున ఉందన్నమాట. హీటర్ తిరుగు పైపు కూడా అదే డబ్బాలోకి వెళ్తోందా, లేదా దాని దగ్గరే కలుస్తోందా? అయితే ఆ ఇంజిన్‌లో థర్మోస్టాట్‌కు ఇంజిన్ వేడిని మోసుకొచ్చే పని హీటర్ నీళ్లే చేస్తుండవచ్చు.

అలాంటి ఇంజిన్‌కు రెండు నిపుల్స్ ఉన్న మామూలు వాల్వ్ పెట్టి మూసేస్తే ఏమవుతుంది? ఇంజిన్ లోపల నీళ్లు కాగుతాయి, ఆ వేడి థర్మోస్టాట్‌కు ఆలస్యంగా తెలుస్తుంది. ఉష్ణోగ్రత బాగా పెరిగాక అది తెరుచుకుంటుంది, రేడియేటర్‌లోని చల్లని నీళ్లు ఒక్కసారిగా లోపలికి వస్తాయి, వెంటనే మళ్లీ మూసుకుంటుంది. గేజ్ ముల్లు పైకీ కిందకీ ఊగుతుంది. వేడెక్కిన హెడ్‌కు ఇలా చల్లనీళ్లు తగలడం మంచిది కాదు. ఇంజిన్ మార్చినవాళ్లు రేడియేటర్ చిన్నదనో ఫ్యాన్ చాలలేదనో ఖర్చు పెట్టుకుంటూ పోయే చోట, అసలు దోషం ఈ వాల్వ్‌ది కావచ్చు.

దీనికి మందు నాలుగు నిపుల్స్ ఉన్న బైపాస్ వాల్వ్. రెండు నిపుల్స్ ఇంజిన్ వైపు, రెండు కోర్ వైపు. హీటర్ ఆపినప్పుడు కోర్‌కు వెళ్లే దారి మూసుకుని, ఇంజిన్ వైపు రెండు పైపులూ వాల్వ్ లోపలే ఒకదానితో ఒకటి కలుస్తాయి. నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, క్యాబిన్ మాత్రం చల్లగా ఉంటుంది.

ఇంజిన్‌కు వేరే బైపాస్ హోస్ (రేడియేటర్, హీటర్‌లను తప్పించి నీళ్లు తిప్పే పైపు) గానీ లోపలి బైపాస్ దారి గానీ ఉందని మాన్యువల్‌లో స్పష్టంగా కనబడితే రెండు నిపుల్స్ వాల్వ్ సరిపోతుంది. అనుమానం ఉంటే నాలుగు నిపుల్స్ దానికే వెళ్లండి. ఒక హోస్ ముక్క, రెండు క్లిప్పులు ఎక్కువ పడతాయి, అంతకుమించి నష్టం లేదు.

ఇక దాన్ని నడిపే పద్ధతి. పాత డ్యాష్‌లో కేబుల్, లివర్ ఉంటే కేబుల్ వాల్వే తీసుకోండి. దానిలో చెడిపోయేవి తక్కువ, వేడిని కొంచెం కొంచెంగా మార్చుకోవచ్చు. వాక్యూమ్ వాల్వ్ మామూలుగా పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం మాత్రమే చేస్తుంది. అందువల్ల గాలి మళ్లించే తలుపు ఉన్న హీటర్‌కు, ఏసీ ఉన్న కారుకు అది నప్పుతుంది. కేబుల్ వెళ్లే దారే లేనప్పుడు మోటారు వాల్వ్ బాగుంటుంది. దానికి ఫ్యూజ్ తప్పకుండా పెట్టండి.

3. పాత హీటర్ కోర్ కొత్త ఒత్తిడికి తట్టుకుంటుందా చూడండి

దీన్ని దాటేసేవాళ్లు ఎక్కువ. పాత కార్ల మూతలు చాలావరకు 7 పీఎస్‌ఐ ప్రాంతంలో ఉండేవి. కొత్త ఇంజిన్ 15 పీఎస్‌ఐ, అంటే దాదాపు 1 బార్, అంతకన్నా ఎక్కువ కోరవచ్చు. దశాబ్దాల కిందట టంకం వేసిన రాగి, ఇత్తడి కోర్ మీద ఒత్తిడి రెట్టింపు చేస్తే అతుకు విడిపోవచ్చు. ఆ నీళ్లు పడేది మీ కాళ్ల మీద.

కోర్ బయటికి తీసి, తోట పైపుతో తక్కువ ఒత్తిడిలో మొదట నీళ్లు వెళ్లే దిక్కుకు ఎదురుగా, తర్వాత అదే దిక్కుకు కడగండి. మురికి రాకుండా తేటనీళ్లు వచ్చేదాకా కడగాలి. తర్వాత ఒక పైపు మూసి, రెండోదానికి ప్రెషర్ టెస్టర్ తగిలించి, నీళ్లలో ముంచి, కొత్త మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా నెమ్మదిగా ఎక్కించండి. పదిహేను నిమిషాల్లో బుడగ రాకూడదు, ముల్లు దిగకూడదు. కంప్రెసర్ గాలిని నేరుగా పట్టకండి, మంచి కోర్ కూడా పగిలిపోతుంది.

కోర్ నిలబడకపోతే కొత్త కోర్ వేయించండి. మూత ఒత్తిడి తగ్గించి సర్దుకుందామనుకోవద్దు. ఆ ఒత్తిడి లేకపోతే హెడ్ లోపల వేడి చోట్ల నీళ్లు మరుగుతాయి.

4. నిపుల్స్, మరలు

ఇంజిన్‌కు కొత్త నిపుల్ బిగించాల్సి వస్తే మర ఏ రకమో కొలిచి చూడండి. అమెరికన్ ఎన్‌పీటీ, బ్రిటిష్ బీఎస్‌పీ అనే పైపు మర ప్రమాణాలు రెండింటిలోనూ 1/2 అంగుళం సైజుకు అంగుళానికి 14 మరలే. అందుకే ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది. కానీ మర కోణం ఒకదానిది 60 డిగ్రీలు, ఇంకొకదానిది 55. ఎంత సీలెంట్ పూసినా ఆ జత నమ్మకంగా ఆగదు. 3/8 అంగుళంలో మరల సంఖ్యే వేరు, 18, 19. బలవంతం చేస్తే అల్యూమినియం హెడ్‌లోని మర చెడిపోతుంది.

ఎన్‌పీటీ లాంటి కోసుగా ఉండే మరను అల్యూమినియంలో బిగించేటప్పుడు చెయ్యి అదుపులో ఉంచండి. మర లోపలికి వెళ్లేకొద్దీ లావవుతూ చుట్టూ ఉన్న లోహాన్ని చీలుస్తుంది. వేడికి తట్టుకునే మర సీలెంట్ మొదటి రెండు మరలు వదిలేసి పూయండి. పైపు కొసన ఉబ్బెత్తు అంచు లేకపోతే హోస్ జారుతుంది, కాబట్టి నున్నటి గొట్టాన్ని అలాగే వాడకండి.

5. వాల్వ్‌కు చోటు చూడండి

రెండు నిపుల్స్ వాల్వ్ అయితే వేడినీళ్లు తెచ్చే పైపు మీద, కోర్‌కు ముందు పెట్టండి. మూసినప్పుడు వేడినీళ్లు అక్కడే ఆగిపోతాయి, కోర్ మీద పంపు ఒత్తిడి కూడా పడదు. వాల్వ్ ఒంటి మీద బాణం ఉంటే అది కోర్ వైపు చూడాలి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు కనీసం 75 మి.మీ. దూరం ఉంచండి. అంత దూరం కుదరకపోతే మధ్యలో హీట్ షీల్డ్ పెట్టండి. ప్లాస్టిక్ వాల్వ్ అయితే ఇంకా దూరం మంచిది. వాల్వ్‌ను హోస్‌లకు వేలాడదీయకండి. ఇంజిన్ ఊగినప్పుడల్లా నిపుల్ మొదట్లో బరువు పడి కొన్నాళ్లకు విరుగుతుంది. వాల్వ్‌ను బ్రాకెట్‌తో బాడీకి పట్టించి, ఇంజిన్‌కు వాల్వ్‌కు మధ్య హోస్‌ను కొంచెం వదులుగా ఉంచండి. కేబుల్ వాల్వ్‌కు అయితే ఇది మరీ ముఖ్యం, వాల్వ్ కదిలితే కేబుల్ లాగినా పని జరగదు.

6. హోస్‌లు వేయండి

కోర్ పైపులు ఒకటి పైన ఒకటి కింద ఉండి, తయారీదారు వేరే గుర్తేమీ వేయకపోతే, వేడినీళ్లు కింది పైపులోకి వెళ్లి పైదాని నుంచి బయటికి వచ్చేలా కలపండి. గాలి తనంతట తానే పైకి వెళ్లిపోతుంది.

హోస్ కోసే ముందు మొత్తం దారి ఒకసారి వేసి చూసుకోండి. మలుపు దగ్గర హోస్ నలిగితే పట్టి సరిచేయాలని చూడకండి, ముందే వంపు తిరిగి వచ్చే హోస్ వాడండి. కొస నిటారుగా కోయండి. నిపుల్ మీదికి ఎక్కకపోతే కొంచెం కూలెంట్ రాయండి. నూనె, గ్రీజు రాయకూడదు, ఈపీడీఎం రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. ఫైర్‌వాల్ రేకు అంచు హోస్‌కు తగిలే చోట గ్రోమెట్ లేకుండా వదలకండి.

క్లిప్పును ఉబ్బెత్తు అంచు దాటాక బిగించాలి, అంచు మీద కాదు. మామూలు స్క్రూ క్లిప్ చాలు. సిలికాన్ హోస్ వాడుతుంటే మాత్రం లోపల నున్నటి పట్టీ ఉన్న క్లిప్ కావాలి, లేకపోతే క్లిప్ గాట్లలోంచి మెత్తటి సిలికాన్ పిండినట్టు బయటికి వచ్చి కోసుకుపోతుంది. ప్లాస్టిక్ నిపుల్స్ మీద స్ప్రింగ్ క్లిప్ నాకు నచ్చుతుంది. చల్లబడ్డా వేడెక్కినా పట్టు ఒకేలా ఉంటుంది, ఎక్కువ బిగించి విరగ్గొట్టే అవకాశమూ లేదు.

7. డ్యాష్‌తో కలపండి

కేబుల్ వాల్వ్‌లలో లాగితే తెరుచుకునేవి ఉన్నాయి, లాగితే మూసుకునేవి ఉన్నాయి. మీ డ్యాష్ లివర్ 'హాట్' వైపు జరిపితే కేబుల్ ఏ దిక్కున కదులుతుందో ముందు చూసుకోండి. లివర్‌ను 'కోల్డ్' చివర ఉంచి, వాల్వ్ పూర్తిగా మూసి, అప్పుడు కేబుల్ తొడుగు క్లిప్ బిగించండి. తర్వాత 'హాట్' చివరకు జరిపి వాల్వ్ పూర్తిగా తెరుచుకుందో కళ్లతో చూడండి. ఒక చివర మాత్రమే సరిపోతోందంటే కేబుల్ ప్రయాణం చాలడం లేదు. వాల్వ్ చెయ్యి మీద ఇంకో రంధ్రం ఉంటే ఇరుసుకు దగ్గరగా ఉన్నదానికి మార్చండి.

వాక్యూమ్ వాల్వ్ అయితే చేతి పంపుతో పీల్చి, అది కదిలిందా, కదిలి అక్కడే నిలిచిందా చూడండి. నిలవకపోతే లోపలి డయాఫ్రమ్ చిరిగింది. వాక్యూమ్‌ను ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వన్ వే వాల్వ్, చిన్న ట్యాంక్ ద్వారా తీసుకోండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్ వాక్యూమ్ పడిపోతుంది. టర్బో ఇంజిన్ అయితే ఏకంగా ఒత్తిడిగా మారుతుంది.

8. నింపండి, గాలి తీయండి

నింపేటప్పుడు హీటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉండాలి. నాలుగు నిపుల్స్ వాల్వ్‌తో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వాల్వ్ 'కోల్డ్'లో ఉంటే నీళ్లు వాల్వ్ లోపలే తిరిగి వెళ్లిపోతాయి, కోర్ నిండా గాలే ఉంటుంది. తర్వాత మొదటిసారి హీటర్ వేసినప్పుడు ఆ గాలంతా ఇంజిన్‌లోకి వస్తుంది.

కూలెంట్ ఇంజిన్ తయారీదారు చెప్పిన రకమే పోయండి. రాగి, ఇత్తడి, టంకానికి కూడా అది పనికొస్తుందని డబ్బా మీద ఉందో లేదో చూడండి, మీ కోర్ పాతది కదా. రంగు చూసి రకం నిర్ణయించకండి, ఏ రకానికి ఏ రంగు అన్నది అన్ని కంపెనీలకూ ఒకటి కాదు.

రేడియేటర్ మూత ఎత్తులో ఉండేలా కారు ముందుభాగం లేపండి. కోర్ దానికన్నా ఎత్తులో ఉంటే ఆ హోస్‌లో గాలి తీసే స్క్రూ ఉన్న టీ (మూడు మూతుల జాయింట్) ఒకటి పెట్టుకోవడం మేలు. నెమ్మదిగా పోస్తూ, హోస్‌లు పిసుకుతూ, బుడగలు ఆగేదాకా ఓపిక పట్టండి. మూత బిగించి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజిన్ నడపండి. పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూసి తగ్గినంత పోయండి.

9. సరిగా పనిచేస్తోందా? ఇలా చూడండి

చల్లని ఇంజిన్ మీద ప్రెషర్ టెస్టర్ పెట్టి మూత ఒత్తిడి దాకా ఎక్కించండి. పావుగంట ముల్లు కదలకూడదు. డ్యాష్ కింద కార్పెట్ తీసి పొడి కాగితం పరచండి, కోర్ చెమ్మగిల్లితే తెలిసిపోతుంది.

తర్వాత ఇంజిన్ వేడెక్కించి, కోర్ దగ్గర రెండు హోస్‌ల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, రబ్బరు మీద గానీ నల్లటి టేపు మీద గానీ కొలవాలి.

- వాల్వ్ తెరిచి ఉండగా రెండూ బాగా వేడిగా ఉండి, తిరుగు పైపు కొంచెం తక్కువగా ఉంటే అంతా బాగుంది.
- వచ్చే పైపు వేడిగా, వెళ్లే పైపు చల్లగా ఉంటే నీళ్లు కదలడం లేదు. ముందు గాలి మిగిలిందేమో, తర్వాత వాల్వ్ పూర్తిగా తెరుచుకుందో లేదో, ఆఖరున కోర్ పూడుకుందేమో చూడండి.
- ఇంజిన్ వేడిగా ఉండి రెండు హోస్‌లూ చల్లగా ఉంటే 1వ మెట్టుకు వెళ్లండి. నిపుల్స్ తప్పు చోట ఉన్నాయి, లేదా కేబుల్ తిరగబడింది.
- ఐడిల్‌లో చల్లగాలి, ఇంజిన్ రేజ్ చేస్తే వేడిగాలి వస్తోందంటే కూలెంట్ తక్కువుంది, లేదా గాలి ఇంకా లోపలే ఉంది.
- రెండు హోస్‌లూ వేడిగా ఉన్నా లోపల చల్లగాలే వస్తోందా? నీళ్ల వైపు తప్పు లేదు. డబ్బా తలుపులు, కోర్ రెక్కల మధ్య చేరిన చెత్త చూడండి.
- వాల్వ్ మూసినా వచ్చే పైపు వేడిగా ఉంటే కేబుల్ చివరిదాకా రావడం లేదు. వాల్వ్ చేతిని వేలితో తోసి చూడండి. అప్పుడు చల్లబడితే కేబుల్ సర్దండి, చల్లబడకపోతే వాల్వే లోపల వదులుతోంది.

ఆఖరుగా వాల్వ్ మూసి, కారు రోడ్డు మీద నడుపుతూ గేజ్ చూడండి. ముల్లు ఊగుతూ ఉండి, వాల్వ్ తెరవగానే నిలకడగా ఉంటే 2వ మెట్టులో చెప్పిన బైపాస్ సమస్య మీ ఇంజిన్‌లో ఉన్నట్టే. వాల్వ్ మార్చేదాకా హీటర్ తెరిచే నడపండి.

ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. టెంపరేచర్ గేజ్ సెన్సార్‌ను వీలుగా ఉందని హీటర్ హోస్‌లో టీ వేసి బిగించేవాళ్లు ఉన్నారు. వాల్వ్ మూయగానే ఆ హోస్‌లో నీళ్లు ఆగిపోతాయి, ఇంజిన్ కాగిపోతున్నా గేజ్ చల్లగానే చూపిస్తుంది. మీ కారులో అలా ఉంటే ఈరోజే దాన్ని హెడ్‌కో మానిఫోల్డ్‌కో మార్చండి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సెన్సార్ విషయంలోనూ అంతే.

మొదటి రెండు మూడు సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారాక స్క్రూ క్లిప్పులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి, రబ్బరు కొంచెం సర్దుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా క్యాబిన్‌లో తియ్యటి వాసన వచ్చినా, హీటర్ వేయగానే అద్దానికి లోపల జిడ్డు పొగ పట్టినా కోర్ లీకవుతోందని అర్థం. వాల్వ్ మూసి ఇంటికి చేరండి. రెండు నిపుల్స్ వాల్వ్ అయితే తిరుగు పైపు నుంచి కూడా కోర్‌లోకి నీళ్లు వస్తాయి, కాబట్టి ఇంజిన్ చల్లారాక రెండు హోస్‌లనూ కోర్ నుంచి విప్పి, ఒకదానితో ఒకటి కలిపి, వాల్వ్ తెరిచి, తగ్గిన కూలెంట్ పోసి నడపండి.